ఫోన్ల రికార్డ్ బటన్ కూడ ఉంటది సార్

మొన్న ఒక బిడ్డ నా దగ్గర జర్మన్ నేర్చుకుంటనని నల్లగొండ వచ్చింది. దేవరకొండ దిక్కు ఊరు, బీఎస్సీ నర్సింగ్ అయిపోయింది. ఇంతకుముందు ఒక కోచింగ్ల ఆరు నెలలు నేర్చుకున్నదట. "అంతా ఆడియో పద్ధతే మేడం" అన్నది. అదేం పద్ధతి బిడ్డా అంటే ఫోన్ చూపించింది. వాట్సాప్ గ్రూపుల వందలకొద్ది ఫైళ్లు. అన్నీ వినెటియే. ఈమె గొంతు ఒక్క దాంట్ల లేదు.

నాకు ఒళ్లు మండింది. 1877ల ఎడిసన్ చేసిన ఫోనోగ్రాఫ్ సుత మాటను పట్టుకునేది, మళ్ల వినిపించేది. తర్వాత ఇండ్లల్లకొచ్చిన గ్రామఫోన్‌కు వినిపించుడొక్కటే తెలుసు. ఈ కోచింగ్ సార్లు పిల్లల చేతుల ఉన్న ఫోన్‌ను తీస్కపోయి గ్రామఫోన్ చేసి పెట్టిండ్రు!

వింటే మాట రాదా అంటరు. మన నోటికి ఉన్న అలవాటు మన చెవికి దొరకదు, అదీ కథ. జర్మన్ల మంచాన్ని "బెట్" అంటరు. మనోళ్లు "బెట్టు" అంటరు, అనలేదని ఒట్టేస్తరు. నేను ఆడాసిటీల, అంటే కంప్యూటర్ల గొంతు రికార్డ్ చేసి దాని గీతలు చూపించే సాఫ్ట్‌వేర్ల, ఈ బిడ్డ గొంతు రికార్డ్ చేసి గీతలు చూపించిన. "ట్" అయిపోయినంక మళ్ల ఒక చిన్న గుట్ట లేచింది. "గా తోకే నీ 'ఉ' బిడ్డా" అన్న. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ గుట్టతోటి ఎక్కింది.

"కిర్శె" అంటే చర్చి, "కిర్షె" అంటే చెర్రీ పండు. మనకు రెండూ ఒక్కతీర్గనే వినవడ్తయి. "ఈ" అనుకుంట గొంతు బంద్ చేసి ఉత్త గాలి వదిలితే మొదటిదాంట్ల ఉన్న "శ" శబ్దం వస్తది. వచ్చిందా లేదా అన్నది రికార్డ్ చేసుకొని వింటేనే తెలుస్తది.

మొదలు అందరు "నా గొంతు ఇట్లుంటదా మేడం" అని మొఖం మాడ్చుకుంటరు. మన మాట మనకు ఎముకల గుండ కూడ వినవడ్తది, అందుకే లావుగ అనిపిస్తది. రికార్డింగ్ల గాలి దారిన పోయిందే ఉంటది. రెండు వారాలల్ల అలవాటైతది.

నేను పనిచేసిన ఒక కాడ సారొకాయన ఒక పిల్ల క్లిప్పు క్లాసంతా వినేటట్టు పెట్టి నవ్విచ్చిండు. ఆ పిల్ల మళ్ల నోరు తెరువలే. ఆడపిల్లల గొంతు గ్రూపుల పెట్టుడు ఏం తెలివి? నా దగ్గరైతే ఎవరిది వాళ్లు నాకొక్కదానికే పంపాలె, నేను విన్నంక తీసేయాలె. ముప్పై సెకన్లే. మూడుసార్లు చెప్పి, మూడూ విని, నచ్చింది పంపాలె. నేను ఒక్క తప్పే చెప్త, అదీ గొంతుతోనే.

"అరవై మందియి ఎవరు వింటరు" అంటరు. అరవై ముప్పైలు అర్ధగంట సార్. చాయ్ తాగేంత సేపు. గోథె సంస్థ పెట్టే బీ1 అనే జర్మన్ పరీక్షల మాట్లాడే భాగం ఇద్దరికి కలిపి పావుగంటనే ఉంటది, అక్కడ నోరు కట్టుకపోతే మీ ఫైళ్లు అక్కరకొస్తయా?

ఖరీదు మైకులు కొనొద్దు. పంకా బంద్ చేసి, బీరువ తలుపు తీసి బట్టల ముంగట నిలవడి, ఫోన్ నోటికి జానెడు దూరంల కొంచెం పక్కకు పట్టుకుంటే చాలు.

నిన్న రాత్రి ఆ బిడ్డ పంపింది. "కిర్శె" ఇంకా చెర్రీ పండే. "బెట్" కాడ మాత్రం తోక లేదు. ఎనుక నుంచి వాళ్ల నాయనమ్మ అంటున్నది, "బీరువల తలకాయ పెట్టి ఎవలతోని మాట్లాడ్తున్నవే?"