‘తిరగేసి వాయించీ’ సలహా గారికి

విజయనగరం.

మహారాజశ్రీ సలహా గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేం క్షేమమే. మీ క్షేమం వేరే అడగాలా, ఖర్చెప్పుడూ ఎదుటివాడిదేగా! గంటస్తంభం నుంచి కోట దాకా, ఎడంచేతి వాటం గుంటడెవడు ఎలక్ట్రిక్ గిటార్ కావాలన్నా, కొట్టువాడి కంటే ముందు మీరే పలుకుతారు: "దానికేటి, కుడిచేతిదే కొని తిరగేసి వాయించీ. హెండ్రిక్స్ వాయించలేదేటి?"

ఆ అమెరికా రాక్ గిటార్ వీరుడు జిమీ హెండ్రిక్స్ వాయించాడండీ, కాదన్నదెవరు? కుడిచేతి స్ట్రాటోకాస్టర్‌ని (ఫెండర్ కంపెనీ గిటార్, ముద్దుగా స్ట్రాట్) తిరగేసి, తీగలు మళ్లీ తనకి కావలసిన వరసలో ఎక్కించుకుని, 1969లో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవంలో కూడా అలాగే వాయించాడు. బ్లూస్ వాయించే ఆల్బర్ట్ కింగ్ అయితే తీగలైనా మార్చలేదు. వాళ్లిద్దర్నీ సాక్ష్యానికి పిలిచి మీరు తప్పుకుంటారు. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చునేది మటుకు మా పదో తరగతి గుంటడు.

మీరు మృదంగం దగ్గర పుట్టుంటారని మా అనుమానం. పళని సుబ్రహ్మణ్య పిళ్లైది ఎడంచేతి వాటమే. వలంతల (మామూలుగా కుడిచేతి వైపుండే ముఖం) ఎడమకీ, తొప్పి (రెండో ముఖం) కుడికీ తిప్పి పెట్టుకుంటే వాద్యానికి వచ్చిన లోటేమీ లేదు. గిటార్ దగ్గర ఆ పప్పులుడకవు. దానికి నట్ అని ఒకటుంది.

మెడ పైచివర, తల మొదలయ్యే చోట, ఆరు గాట్లున్న చిన్న ముక్క అది. 9–42 తీగల సెట్టులో సన్నతీగ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు, లావుతీగ 42 వంతులు. గాట్లు ఆ కొలతలకే కోసి ఉంటాయి. వరస మార్చి ఎక్కిస్తే లావుతీగ సన్నగాట్లోకి దిగదు, పైనే కూర్చుంటుంది. మెడ మీది అడ్డకమ్మీలే ఫ్రెట్లు; మొదటి రెండు మూడింట్లో నొక్కడానికి వేళ్లు నొప్పెడతాయి, నొక్కినా శ్రుతి హెచ్చుతుంది. సన్నతీగేమో వెడల్పు గాట్లో అటూ ఇటూ దొర్లుతూ జుయ్యిమంటుంది. గుంటడు తప్పు తన వేళ్లదే అనుకుని ఎఫ్ కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల కూర్పు) దగ్గర నెలల తరబడి కుస్తీ పడతాడు. పాత నట్ ఊడదీసి, ఎడంచేతి గాట్లున్నది అతికిస్తే తప్ప ఇది తీరదు. ఈ ముక్క మీరు ఎప్పుడూ చెప్పరు.

నట్ సరే, తీగలు రెండో చివర ఆనే బ్రిడ్జి? స్ట్రాట్‌లో ఆరు శాడిళ్లనీ (ఒక్కో తీగ కింద ఉండే బిళ్లలు) విడివిడిగా జరపొచ్చు కాబట్టి కొంత నయం. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటితే పలికేది), అక్కడే నొక్కిన స్వరం కలవాలి. నొక్కింది హెచ్చుగా పలికితే శాడిల్‌ని మెడకి దూరంగా జరపాలి. గిబ్సన్ వారి లెస్ పాల్ గిటార్ తరహా బ్రిడ్జి ఏటవాలుగా బిగించి వస్తుంది. తిరగేస్తే ఆ వాలు ఎదురు తిరుగుతుంది, లావుతీగ శాడిల్‌కి వెనక్కి జరగడానికి చోటు చాలదు.

నాబులు మోచేతి కింద పడి, పాట మధ్యలో వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది. గిటార్ ఒంటికున్న పొడుగు కొమ్ము కిందికొచ్చి పై ఫ్రెట్లకి చెయ్యి అందనివ్వదు. స్ట్రాప్ బటన్‌కి ఇంకో కన్నం వెయ్యాలి.

మీ అన్నగారొకరున్నారు, ‘మామూలు కుడిచేతి పద్ధతిలోనే నేర్చుకో’ గారు. ఆయన మీకంటే పెద్దమనిషి. డైర్ స్ట్రెయిట్స్ బ్యాండ్ గిటారిస్టు మార్క్ నాఫ్లర్ ఎడంచేతి వాటం మనిషే, వాయించేది కుడిచేతి పద్ధతిలో. 1919లో పెట్టిన మన ఊరి సంగీత పాఠశాల ముందు నిలబడి చెప్పినా ఒప్పుకుంటాం, వయొలిన్‌కి కమాను దాదాపు అందరూ కుడిచేత్తోనే పడతారు. గిటార్ ఇంతవరకూ ముట్టనివాడు ఆయన మాట వినొచ్చు, కొట్లో ఏ రంగు కావాలంటే ఆ రంగు దొరుకుతుంది. కానీ ఉత్తినే గాల్లో వాయించమంటే లయ ఎడంచేతిలోనే పడేవాడికి, ఇప్పటికే కుడిచేత్తో కార్డులు మారుస్తూ ఎడంచేత్తో మీటేస్తున్నవాడికి, అసలు ఎడంచేతి గిటారే కావాలి.

అది మన కొట్లలో గోడకి వేలాడదు, విశాఖ వెళ్లినా ఒకటో అరో, అదీ నలుపు. తెప్పించుకోవడమే. యమహా పసిఫికా 112జె కుడిచేతిది, 112జెఎల్ ఎడంచేతిది. ఐబనేజ్‌లో జీఆర్‌జీ170డీఎక్స్ చివరా ఆ ఎల్లే ఉండాలి. ఒక్క అక్షరం చూడకపోతే ఇంటికొచ్చేది మళ్లీ మీరే! అమ్మేవాళ్లు కుడిచేతి ఫొటోనే అద్దంలోలా తిప్పి పెడతారు కూడా. తల మీద కంపెనీ పేరు తిరగబడి కనిపిస్తే అది గిటార్ కాదు, ఫొటో.

పెట్టె విప్పగానే వాల్యూమ్ నాబు మెల్లగా తగ్గించి చూడాలి. 10 నుంచి 3 దాకా పెద్ద తేడా లేకుండా ఆ తర్వాత ధబాల్న పడిపోయిందంటే, కుడిచేతి పాట్‌నే (నాబు కింద వాల్యూమ్ మార్చే భాగం) వైర్లు మార్చి బిగించారన్నమాట. తిప్పుడు తీరు ఎడంచేతికి కుదిరే (ఎడంచేతి టేపర్) పాట్ వేయించుకోవాలి. మెడ పక్క చుక్కలు వాయించేవాడి కళ్ల వైపుండాలి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కితే ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత సందు చాలు. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు లావుతీగకి 2 మిల్లీమీటర్లు, సన్నతీగకి 1.5. లాకింగ్ ట్రెమొలో (తీగలు బిగించేసి, మీటతో శ్రుతి ఊపే బ్రిడ్జి) ఉన్నది మొదటి గిటార్‌గా వద్దు. ఒక్క తీగ తెగితే మిగతా ఐదూ శ్రుతి తప్పుతాయి.

ఇట్లు,
ఊళ్లోని ఎడంచేతి వాటం వాళ్లు

తా.క.: ‘ఎడంచేతి తీగలు’ అని ఎవరైనా వేరే రేటు చెబితే, వాళ్లు తమ బంధువులేమో కనుక్కోగలరు. తీగలు, పిక్, కేబుల్, ఆంప్ ఏ చేతికైనా అవే.