ఎక్కడ పుట్టావు? ఎవరికి పుట్టావు?

‘మేం లీగల్‌గా వచ్చాం.’ అమెరికాలో వలసల మీద ఏ గొడవ రేగినా మనవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఇదే. 2025 ఫిబ్రవరి 5న చేతులకు సంకెళ్లు, కాళ్లకు గొలుసులు వేసిన 104 మంది భారతీయులతో అమెరికా సైనిక విమానం అమృత్‌సర్‌లో దిగిన రోజునా ఇదే వినిపించింది. చదువుకుని, వీసా స్టాంపింగ్ కోసం కాన్సులేట్ల ముందు నిలబడి వెళ్లినవాళ్లం, పన్నులు కడుతున్నవాళ్లం, అడవులు దాటి సరిహద్దు దూకినవాళ్లతో మమ్మల్ని ఒకే గాటన కట్టొద్దు అని. ఆ మాటలో అబద్ధం లేదు. వాళ్ల కష్టం నిజం. ఆ మాట తమను కాపాడుతుందన్న నమ్మకమే తప్పు. నూరేళ్ల కిందట ఇలాంటి నమ్మకంతోనే ఒక భారతీయుడు అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కి ఓడిపోయాడు. ఓడిపోయాడన్న సంగతి కంటే, ఏమని వాదించి ఓడిపోయాడన్నది ఇవాళ మనకు ఎక్కువ అవసరం.

భగత్ సింగ్ థింద్ పంజాబ్ నుంచి 1913లో అమెరికా వెళ్లాడు. కలప మిల్లుల్లో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరి తలపాగాతోనే కొలువు చేశాడు. 1918 డిసెంబరులో యూనిఫాంలోనే వెళ్లి పౌరసత్వం తీసుకున్నాడు. నాలుగు రోజులకే దాన్ని రద్దు చేశారు. 1920లో ఆరెగాన్ కోర్టు మళ్లీ ఇస్తే ప్రభుత్వం అప్పీలుకు వెళ్లింది. బయటి నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ ఆఫ్రికా సంతతివాళ్లకూ తప్ప పౌరసత్వం ఇవ్వకూడదన్నది అప్పటి చట్టం. ఆ చట్టం అన్యాయమని థింద్ తరఫున ఎవరూ అనలేదు. మేమూ తెల్లవాళ్లమే అన్నారు. ఆర్యులం, ఆనాటి జాతి శాస్త్రం తెల్లవాళ్లను చేర్చిన కాకేసియన్ జాతివాళ్లం, అగ్రకులస్థులం అన్నారు. అక్కడితోనూ ఆగలేదు. పెళ్లి సంబంధాల దగ్గర అమెరికన్ నీగ్రోను ఎలా చూస్తాడో, అగ్రకుల హిందువు తన దేశపు ఆదివాసీని అలాగే చూస్తాడని కోర్టుకు రాసిచ్చారు. మీరు దూరం పెట్టినట్టే మేమూ దూరం పెడతాం, కాబట్టి మేం మీవాళ్లమే. వాదన సారం ఇదే. థింద్ సిక్కు. కులాన్ని కాదన్న గురువుల బాటలో పుట్టినవాడు. అతని తరఫునే ఆ మాటలు కోర్టుకెక్కడం ఎప్పుడు చదివినా నాకు గుండె బరువెక్కుతుంది.

దానికి మూడు నెలల ముందు, 1922 నవంబరులో, అదే కోర్టు తకావో ఒజావా అనే జపాన్ మనిషి దరఖాస్తును కొట్టేసింది. ఒజావా అప్పటికి ఇరవై ఏళ్లుగా అమెరికా నేల మీద ఉన్నాడు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో చదివాడు. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడేవాడు, కుటుంబంతో చర్చికి వెళ్లేవాడు. అతని చదువును గానీ నడవడికను గానీ కోర్టు తప్పుపట్టలేదు. వచ్చినవాళ్లు ‘కలిసిపోవాలి’ అంటారే, అంతకు మించి కలిసిపోవడం ఎవరికి సాధ్యం? అయినా కాదన్నారు. తెల్లవాడంటే కాకేసియన్ జాతివాడని, ఒజావా ఆ జాతి కాదని తేల్చారు. సరే, జాతి శాస్త్రమే కొలబద్ద అయితే ఆ శాస్త్రం ప్రకారం నేను కాకేసియన్‌నే అని థింద్ నిలబడ్డాడు. 1923 ఫిబ్రవరి 19న కొలబద్దే మారిపోయింది. శాస్త్రం ఏం చెప్పినా సరే, సామాన్యుడి అవగాహనలో నువ్వు తెల్లవాడివి కావు అన్నారు. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, జార్జ్ సదర్లాండ్. ఆయన ఇంగ్లండ్‌లో పుట్టి పసివాడిగా అమెరికా చేరిన వలసదారు.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదవమని అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగు తల్లిదండ్రులనూ కోరుతున్నాను. వెలివేత పద్ధతి అంతా ఆ మూడు నెలల్లోనే ఉంది. నువ్వు షరతు నెరవేర్చలేదు కాబట్టి బయట ఉంచడం లేదు. బయట ఉంచాలని ముందే అనుకున్నారు కాబట్టి, నువ్వు ఒక షరతు నెరవేర్చగానే ఇంకో షరతు పుట్టుకొస్తుంది. భాష నేర్చుకుంటే యాస, యాస పోతే పేరు, పేరు మార్చుకుంటే రంగు.

థింద్ తీర్పు తర్వాత అప్పటికే పౌరులైన భారతీయుల నుంచి డజన్లకొద్దీ పౌరసత్వాలు లాక్కున్నారు. వైష్ణోదాస్ బగాయ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపేవాడు. బ్రిటిష్ పాలన కింద బతకలేక భార్యాపిల్లలతో వెళ్లి 1921లో అమెరికా పౌరుడయ్యాడు. ఆ కాగితం పోయాక ఏ దేశానికీ చెందనివాడయ్యాడు. 1928లో పత్రికకు ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. ఆయన కూడా లీగల్‌గా వెళ్లినవాడే.

ఇక 2017 ఫిబ్రవరి. కాన్సస్ రాష్ట్రం ఒలేతీలో ఒక బార్. పని ముగించుకుని కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజినీర్లను ఒకడు అడిగిన ప్రశ్న మనలో చాలామంది మర్చిపోయారు. మీరు ఏ వీసా మీద ఉన్నారు, అక్రమంగా ఉంటున్నారా అని అడిగాడు. వాళ్లిద్దరూ లీగల్‌గానే ఉన్నారు. వాడు వెళ్లి తుపాకీతో తిరిగొచ్చి, ‘నా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ కాల్చాడు. వాళ్లను ఇరానీయులు అనుకున్నాడని తర్వాత తెలిసింది. ఒక యువకుడు చనిపోయాడు. మేం ఇక్కడి వాళ్లమేనా అని అతని భార్య అమెరికాను అడిగింది. సదర్లాండ్ ఏ సామాన్యుడి అవగాహన చేతిలో తీర్పు పెట్టాడో ఆ సామాన్యుడికి ఐ-140 అప్రూవల్, అంటే గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన దరఖాస్తు ఆమోదం, చూపించే సమయం ఉండదు. చూపించినా వాడు చదవడు.

ఇప్పుడు పుట్టుక పౌరసత్వం, అంటే అమెరికా నేల మీద పుట్టిన బిడ్డకు దక్కే పౌరసత్వం సంగతి. 2025 జనవరి 20న, బాధ్యతలు తీసుకున్న రోజే దాన్ని కొందరు పిల్లలకు ఆపాలంటూ ట్రంప్ సంతకం పెట్టిన ఆదేశం, మూడో రోజుకే సియాటెల్ జడ్జి అది రాజ్యాంగ విరుద్ధమంటూ ఆపడం, తర్వాత కోర్టుల్లో నడిచిన పోరాటం పాఠకులకు తెలిసినవే. నేను చూపించదలచింది ఆ ఆదేశంలోని ఒక్క విషయం. దాని ప్రకారం పౌరసత్వం అందనిది కాగితాలు లేనివాళ్ల పిల్లలకు మాత్రమే కాదు. తల్లి చట్టబద్ధంగానే ఉన్నా, అది స్టూడెంట్ వీసానో వర్క్ వీసానో టూరిస్టు వీసానో అయి, తండ్రి పౌరుడో గ్రీన్‌కార్డుదారో కాకపోతే ఆ బిడ్డకూ లేదు. అంటే హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్న భార్యాభర్తల బిడ్డ, సరిహద్దు దాటి వచ్చిన భార్యాభర్తల బిడ్డ ఒకే వాక్యం కిందికి వచ్చేశారు. ఎవరితో కలపొద్దని మనవాళ్లు మొత్తుకున్నారో వాళ్లతోనే కలిపారు. ఆదేశం అమలు తేదీ కన్నా ముందే సిజేరియన్ చేయమని భారతీయ గర్భిణులు డాక్టర్లను అడుగుతున్నట్టు ఆ రోజుల్లో వార్తలొచ్చాయి. నెలలు నిండని బిడ్డను క్యాలెండర్ చూసి బయటికి తీయమని అడగాల్సిన స్థితికి ఒక తల్లిని నెట్టారు. ఆమె కూడా లైన్లో నిలబడి వెళ్లినదే. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుం వచ్చి పడింది. లైన్లో నిలబడినవాళ్ల మీదే పడింది.

అవతలి వాదన బలహీనమైనదేమీ కాదు. ఎవరు తనవారో తేల్చుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది. పురిటి కోసమే టూరిస్టు వీసా మీద వచ్చి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. బ్రిటన్ 1983 నుంచి పుట్టుకతోనే పౌరసత్వం ఇవ్వడం మానేసింది. మన దేశమూ 1987లో తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలంది, 2004లో దాన్ని ఇంకా బిగించింది. అమెరికా ఒక్కటే ఎందుకు మోయాలి అని అడిగితే నా జవాబు ఇది: అమెరికా ఆ సూత్రాన్ని ఉదారంగా దానం చేయలేదు, తన మహాపాపానికి ప్రాయశ్చిత్తంగా రాసుకుంది. ఆ పాపం చేసిన దేశం ఆ వాక్యాన్ని చెరపకూడదు.

ఆ ప్రాయశ్చిత్తం కథ మన ఇళ్లలో ఎవరూ చెప్పుకోరు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నల్లవాళ్లు బానిసలైనా స్వేచ్ఛ పొందినవాళ్లైనా ఈ దేశ పౌరులు కాలేరంది. తరతరాలుగా ఆ నేల మీదే పుట్టి, ఆ పత్తి చేలలోనే చచ్చినవాళ్లను పట్టుకుని మీరు ఇక్కడివాళ్లు కాదంది. అంతర్యుద్ధంలో లక్షల మంది చనిపోయాక 1868లో రాజ్యాంగానికి పద్నాలుగో సవరణ వచ్చింది. అమెరికాలో పుట్టి దాని చట్టాలకు లోబడినవాళ్లంతా పౌరులే. తండ్రి యజమానా, బానిసా అన్న ప్రశ్న ఇక వేయడానికి వీల్లేదు.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఒక వంటమనిషి ఆ వాక్యాన్ని నిలబెట్టాడు. వాంగ్ కిమ్ ఆర్క్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టాడు. 1882 నాటి చట్టంతో చైనీయులకు తలుపులు మూసిన కాలం అది. 1895లో చైనా వెళ్లొస్తుంటే రేవులోనే ఆపారు. నెలల తరబడి ఓడల్లోనే ఉంచారు. అతను కేసు వేశాడు. నా కులం పెద్దది, నేను తెల్లవాడి లాంటివాడిని అనలేదు. నేను ఇక్కడ పుట్టాను అన్నాడు. అంతే. 1898లో గెలిచాడు.

థింద్, వాంగ్. ఇద్దరూ ఆసియావాళ్లే, ఇద్దరూ ఆ కోర్టు ముందుకే వెళ్లారు. ఒకరి కేసు బయటి నుంచి వచ్చి అడిగే పౌరసత్వం గురించి, మరొకరిది పుట్టుకతో వచ్చేదాని గురించి. చట్టం వేరు, ఒప్పుకుంటాను. అయినా నన్ను కదిలించే తేడా చట్టంలో లేదు, అడిగిన తీరులో ఉంది. ఒకరి వాదన మిగతావాళ్లను కిందికి తొక్కి తాను పైకి రావాలని చూసింది, రెండోదాని నీడలో అందరికీ చోటుంది. ఇవాళ అమెరికాలో పుట్టి నీలిరంగు పాస్‌పోర్టు పట్టుకున్న ప్రతి తెలుగు బిడ్డా వాంగ్ నీడలో ఉన్నాడు. అసలు మనవాళ్లు అక్కడికి వెళ్లగలగడమే ఇంకొకరి పోరాటం పుణ్యం. 1946 నుంచి భారతదేశానికి ఏడాదికి 100 మంది కోటా ఉండేది. ఆ జాతి కోటాలను రద్దుచేసిన వలస చట్టం 1965 అక్టోబరులో వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చాక వచ్చింది. పోలీసు కుక్కల ముందు, నీటి గొట్టాల ముందు నిలబడిన నల్లవాళ్లు ఆ తలుపు నెట్టారు. లోపలికి వెళ్లిన మనం, నల్లవాళ్ల కాలనీల్లోకి వెళ్లకండి అని కొత్తగా వచ్చిన పిల్లలకు జాగ్రత్తలు చెబుతాం.

ఇక్కడే నాకు అసలు కోపం. ‘ఎక్కడ పుట్టావు’ అని అడిగే చట్టం మనిషిని విడుదల చేస్తుంది. ‘ఎవరికి పుట్టావు’ అని అడిగే చట్టం బంధిస్తుంది. ట్రంప్ ఆదేశం మొదటి ప్రశ్నను తీసేసి రెండోది పెట్టాలని చూసింది. అది తప్పని మనకు వెంటనే తెలిసింది, ఎందుకంటే దెబ్బ మన బిడ్డకు తగిలింది. కానీ ఎవరికి పుట్టావు అన్న ప్రశ్నను ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కాలంగా, ఎక్కువ శ్రద్ధగా అడుగుతున్నది మనమే. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఊళ్లో ఏ వీధి అని అడిగి మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేల్చుకునేది మనమే. ఆ ప్రశ్నను సముద్రం దాటించి అమెరికా ఆఫీసుల్లోకి, అద్దె ఇళ్లలోకి, పెళ్లి సంబంధాల్లోకి తీసుకెళ్లింది కూడా మనమే. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు భారతీయుల నుంచే ఎంత వ్యతిరేకత వచ్చింది! కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే ఆ అక్టోబరులో గవర్నర్ వీటో చేశారు. ఇప్పటికే ఉన్న చట్టాలు చాలన్నారు. మన సంఘాల్లో కొన్ని పండగ చేసుకున్నాయి.

పుట్టుక వల్ల నన్ను తక్కువ చేయొద్దని వాషింగ్టన్‌ను అడిగేవాడు, పుట్టుక వల్ల పక్క తెలుగువాడిని తక్కువ చేసే హక్కును కాలిఫోర్నియాలో కాపాడుకోలేడు. రెండూ ఒకే నోటితో అనలేం. థింద్ లాయర్లు అనడానికి ప్రయత్నించారు. జరిగింది చూశాం.

గ్రీన్‌కార్డు లైన్ కూడా ఈ ప్రశ్న మీదే నడుస్తోంది. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి కుదరదు. అందులో లెక్కలోకి వచ్చేది నీ చేతిలోని పాస్‌పోర్టు కాదు, నువ్వు పుట్టిన దేశం. హైదరాబాద్‌లో పుట్టి కెనడా పౌరుడైనా ఇండియా లైన్లోనే నిలబడాలి. లైన్లో తమ వంతు తేల్చే ప్రయారిటీ డేట్ ఎంత వరకు వచ్చిందో అని నెలనెలా ప్రభుత్వ వీసా బులెటిన్ చూసుకునే ఇళ్లలో, రెండేళ్ల వయసులో వెళ్లిన పిల్లలు 21 నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతున్నారు. చిన్నప్పుడే కాగితాలు లేకుండా వచ్చి అక్కడే పెరిగిన మెక్సికన్ పిల్లలదీ దగ్గర దగ్గర ఇదే బాధ. ఈ రెండు గుంపులూ ఒకే గుమ్మం ముందు ధర్నా చేయాలి. వాళ్లు వేరు, మేం వేరు అని మన పిల్లల తరఫున వినతిపత్రాలు ఇచ్చినంత కాలం ఆ పత్రాలు 1923 నాటి వాదనకు నకళ్లే అవుతాయి.

థింద్‌కు చివరికి 1936లో, మూడో దరఖాస్తుతో పౌరసత్వం వచ్చింది. ఈసారి ఆర్య రక్తం ఊసుతో పని లేకపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన సైనికులు జాతితో పని లేకుండా పౌరులు కావచ్చని అంతకు ముందు ఏడాది చట్టం వచ్చింది, ఆ చట్టం కింద వచ్చింది.

పద్నాలుగో సవరణ ఆమోదం పొందినది జూలై 9న. అమెరికాలో మన తెలుగు మహాసభలు కూడా తరచూ జూలై మొదటి రోజుల్లోనే జరుగుతాయి. సినిమా తారలకు, మంత్రులకు, అవధానులకు చోటున్న ఆ వేదిక మీద ఈసారి ఒక పూట నల్లవాళ్ల పౌరహక్కుల సంఘం నుంచి ఒకరిని, చైనా వలసదారుల సంఘం నుంచి ఒకరిని, కాగితాలు లేని పిల్లల తరఫున కోర్టుల్లో వాదిస్తున్న లాయరు ఒకరిని, కుల వివక్ష మీద నోరు విప్పిన మన దళిత ఇంజినీర్ ఒకరిని కూర్చోబెట్టండి. సావనీర్‌లో రెండు పేజీలు తీసి వాంగ్ కిమ్ ఆర్క్ కథ తెలుగులో వేయండి. హాల్లో ఉన్న పదేళ్ల పిల్లలకు ఆ పేరు తెలియాలి.