గెలుస్తున్నారా? అయితే అమ్మేయండి!

అమెరికా బేస్‌బాల్ జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ పెద్దల తెలివి మనలాంటి వాళ్లకు ఓ పట్టాన అంతుపట్టదు. 2025 జూన్ 15, ఆదివారం. సొంతగడ్డ ఫెన్‌వే పార్క్‌లో బద్ధశత్రువు న్యూయార్క్ యాంకీస్‌ను 2-0తో ఓడించి, మూడు మ్యాచ్‌ల సిరీస్‌ను ఊడ్చేశారు. వరసగా ఐదో గెలుపు. ఆ రెండు పరుగుల్లో ఒకటి జట్టు స్టార్ బ్యాటర్ రఫాయెల్ డెవర్స్ హోమ్ రన్. సాయంత్రానికల్లా ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటగాడు! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. ఏటి మధ్యలో తెప్పను బేరం పెట్టింది వీళ్లే.

బంతి అలా స్టాండ్స్‌లో పడి, ఆయన బేస్‌లు చుట్టి వస్తుండగానే బేరం జరిగిపోయి ఉంటుందని నా గట్టి నమ్మకం. మొదటి బేస్ దగ్గర ఫోన్ మోగింది. రెండో బేస్ దగ్గర రేటు కుదిరింది. మూడో బేస్ దగ్గర, "ఇది ఇప్పుడు మీది కాదు బాబూ, కొత్తగా వచ్చిన బ్రెగ్మన్ గారిది. తొక్కకుండా పక్కనుంచి వెళ్లండి" అన్నారు. హోమ్ ప్లేట్ చేరేసరికి చేతిలో బోర్డింగ్ పాస్. జట్టు కూర్చునే డగౌట్‌లో చప్పట్లు కొట్టినవాళ్లకు, అవి అభినందనలో వీడ్కోలో తెలిస్తే ఒట్టు.

పాపం, ఆయన నేరం చిన్నది కాదు. ఫీల్డింగ్‌లో ఆయన చోటైన మూడో బేస్ లాక్కుని, "బ్యాటింగ్ చేస్తే చాలు, గ్లవ్ పక్కన పెట్టు" అన్నారు. మొదటి బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే కుర్రాడు గాయపడగానే, "ఆ గ్లవ్ ఎక్కడ పెట్టావు?" అన్నారు. ఆయన కుదరదన్నాడు. మొండితనమే, కాదనను.

తర్వాత రెడ్ సాక్స్ బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి క్రెయిగ్ బ్రెస్లో, డెవర్స్ లేకుండానే సీజన్ చివరికి ఎక్కువ మ్యాచ్‌లు గెలిచి ఉండొచ్చని సెలవిచ్చారు. జూలైలో వరసగా 10 గెలిచారు కూడా. ఇంకేం, సిద్ధాంతం రుజువైపోయింది! 2020లో మరో స్టార్ మూకీ బెట్స్‌ను లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు పంపిందీ ఈ విజ్ఞతే. అక్కడ అతను మూడు వరల్డ్ సిరీస్‌లు, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు.

డెవర్స్‌కు పదేళ్లకు 31.35 కోట్ల డాలర్లని మీరే సంతకం పెట్టారు. రెండో ఏడు సగమైనా కాకముందే, మిగిలిన పాతిక కోట్ల పైచిలుకు భారం దించుకున్నారు. డబ్బు మిగిలిందని చెప్పండి, వింటాం. జట్టు బాగు కోసమే అంటే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆయన్ని అమ్మిన రోజు ఫాదర్స్ డే. ఆయన 11 నంబరు జెర్సీ తొడిగి పిల్లాణ్ని స్టేడియానికి తెచ్చిన తండ్రి ఇంటికెళ్లి ఏం చెప్పాలి? సిగ్గుండాలి!

అక్టోబరులో ప్లేఆఫ్స్ నిర్ణాయక మ్యాచ్‌లో అదే యాంకీస్ 4-0తో వీళ్ల సీజన్ ముగించేశారు. ఒక్క పరుగూ రాలేదు. ఈలోగా బ్యాట్లు కూడా అమ్మేశారేమో, ఎవరైనా కనుక్కోండి.