ఓటమికి బహుమానం ఉన్నంతకాలం మార్చి టికెట్టుకు విలువ లేదు

2025 మార్చిలో యూటా జాజ్ జట్టుకు అమెరికన్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ లక్ష డాలర్ల జరిమానా వేసింది. వాషింగ్టన్ విజర్డ్స్‌తో జరిగిన మ్యాచ్‌తో పాటు మరికొన్ని మ్యాచ్‌లలో, తన ప్రధాన ఆటగాడు లారీ మార్కనెన్ ఆడగలిగే స్థితిలో ఉన్నా కూర్చోబెట్టారన్నది అభియోగం. ఆ సీజన్ ముగిసేసరికి జాజ్ 17 గెలుపులతో, విజర్డ్స్ 18 గెలుపులతో లీగ్‌లో చివరి రెండు స్థానాల్లో నిలిచాయి. ఏటా కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 'డ్రాఫ్ట్'లో, ఎక్కువ ఓడిన జట్టుకే ముందు వంతు ('పిక్') దక్కే అవకాశం ఎక్కువ. ఆ వంతును లాటరీ తేలుస్తుంది. అంటే ఆ రాత్రి డబ్బు పెట్టి ఎరీనాలో కూర్చున్నవాళ్ల కళ్లెదుట తలపడిన రెండు జట్ల యాజమాన్యాలకూ ఓటమే లాభం. జరిమానా లీగ్‌కు చేరింది. టికెట్టు కొన్నవాళ్లకు అందులో వాటా లేదు.

ఈ జబ్బుకు లీగ్ నలభై ఏళ్లుగా పైపూత మందులే రాస్తోంది. 1985కు ముందు మొదటి పిక్ కోసం రెండు కాన్ఫరెన్సుల (లీగ్‌లోని తూర్పు, పడమర విభాగాల) అట్టడుగు జట్ల మధ్య నాణెం ఎగరేసేవారు. 1985లో ఏడు జట్ల పేర్లు ఏడు కవర్లలో పెట్టి సమాన అవకాశం ఇచ్చారు. నిజానికి అదే సరైన దారి. 1990లో దాన్ని వదిలేసి, ఎంత ఓడితే అంత అవకాశం అనే పద్ధతికి మళ్లారు. ఆనాటి నుంచి శాతాలు మారుతున్నాయే గాని సూత్రం మారలేదు. ఓటమికి బహుమానం ఎంత ఇవ్వాలన్నది చర్చే కాదు. అసలు ఇవ్వకూడదు.

లాటరీ యంత్రంలో 1 నుంచి 14 వరకు అంకెలు వేసిన 14 బంతులు వేస్తారు. నాలుగు బంతులు తీస్తే వచ్చే కలయికలు 1,001. ఒకటి పక్కన పెట్టి మిగతా వెయ్యినీ ప్లేఆఫ్స్‌కు (టైటిల్ కోసం జరిగే చివరి దశకు) చేరని 14 జట్లకు పంచుతారు. 2019 వరకు అట్టడుగు జట్టుకు 250 కలయికలు దక్కేవి, అంటే 25 శాతం. 2019 నుంచి చివరి మూడు జట్లకూ తలా 14 శాతమే. కింది నుంచి నాలుగో జట్టుకు 12.5, ఐదో జట్టుకు 10.5, ఆరో జట్టుకు 9 శాతం. మొదటి నాలుగు పిక్‌లే బంతులతో తేలతాయి, మిగతావి ఓటముల వరసలో వెళ్తాయి. కాబట్టి అట్టడుగు జట్టు ఐదో పిక్ కంటే కిందికి పడదు. ఐదో పిక్‌కే పడిపోయే అవకాశం 47.9 శాతం.

అదే జరుగుతోంది కూడా. 2023లో, 2024లో అట్టడుగున ఉన్న డెట్రాయిట్ పిస్టన్స్ రెండుసార్లూ ఐదో పిక్‌కు పడిపోయింది. 2025లో జాజ్‌దీ అదే గతి. 2019 నుంచి 2025 వరకు జరిగిన ఏడు లాటరీల్లో ఒక్కసారి కూడా అట్టడుగు జట్టుకు మొదటి పిక్ రాలేదు. 2025లో అది 1.8 శాతం అవకాశం మాత్రమే ఉన్న డాలస్ మావెరిక్స్‌కు వెళ్లింది.

మరి లాభం ఇంత తగ్గాక కావాలని ఓడటం ఆగాలి కదా? ఆగలేదు, ఇంకా పలుచగా పరుచుకుంది. మునుపు అట్టడుగు స్థానం కోసం రెండు మూడు జట్లు పోటీపడేవి. శాతాలు దగ్గరయ్యాక, కింది నుంచి తొమ్మిదో జట్టుగా 4.5 శాతంతో ఉండేకంటే ఏడుకు జారి 7.5 తెచ్చుకుందామని మధ్యలోని జట్లూ లెక్కలు వేస్తున్నాయి. పైగా మార్కెట్‌లో చేతులు మారే పిక్‌ల మీద 'ప్రొటెక్షన్' అనే షరతు ఒకటి ఉంది. పిక్ మొదటి పదిలోపు వస్తే మాకే, దాటితే మీకు అని రాసుకుంటారు. 2023 ఏప్రిల్‌లో మావెరిక్స్ చేసింది సరిగ్గా ఇదే. న్యూయార్క్ నిక్స్‌కు బాకీ ఉన్న పిక్ పదిలోపు పడితే తమకే మిగులుతుంది. ప్లే-ఇన్‌కు (ప్లేఆఫ్స్‌లో చివరి చోట్ల కోసం జరిగే అర్హత మ్యాచ్‌లకు) దారి ఇంకా మూసుకుపోకముందే, షికాగో బుల్స్‌తో మ్యాచ్‌లో ముఖ్య ఆటగాళ్లను పక్కన పెట్టి 115-112తో ఓడిపోయింది. లీగ్ 7.5 లక్షల డాలర్లు జరిమానా వేసింది. పిక్ మాత్రం డాలస్‌కే దక్కింది. దాన్ని ఓక్లహోమా సిటీకి ఇచ్చి పన్నెండో పిక్ తీసుకుని డెరెక్ లైవ్లీని తెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఫైనల్స్ ఆడిన జట్టులో అతను ముఖ్యుడు. 7.5 లక్షలు ఖర్చు, ఒక సెంటర్ ఆటగాడు రాబడి. ఈ లెక్క చూసిన ఏ జనరల్ మేనేజరైనా మళ్లీ అదే పని చేస్తాడు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆటగాళ్లు కావాలని ఓడరు. పదిరోజుల కాంట్రాక్టు మీద వచ్చినవాడికి ప్రతి నిమిషమూ బతుకుతెరువే. ఓటమి పై అంతస్తులో తయారవుతుంది. ఫిబ్రవరి మొదట్లో ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గడువులోపు అనుభవజ్ఞులను అమ్మేస్తారు. జనవరి 5 నుంచి అనుమతించే పదిరోజుల కాంట్రాక్టులు, ప్రధాన జట్టుకూ దాని అనుబంధ జట్టుకూ మధ్య తిరుగుతూ సీజన్‌కు 50 మ్యాచ్‌లే ఆడగల టూ-వే ఆటగాళ్లు ఖాళీలు నింపుతారు. ప్రధాన ఆటగాడి పేరు పక్కన గాయాల నివేదికలో 'నడుము', 'మడమ' లాంటి మాటలు నెలల తరబడి నిలిచిపోతాయి. లేదా మూడు క్వార్టర్లు ఆడించి, ఆట బిగిసిన నాలుగో క్వార్టర్‌లో దించేస్తారు. ఆటను నడిపే పాయింట్ గార్డ్ లేకుండా, కోర్టు పక్కల ఆడే ముగ్గురు కుర్ర వింగ్‌లను కలిపి దింపుతారు. బంతి సగం కోర్టు దాటేసరికి ఎనిమిది సెకన్ల గడువు దగ్గరపడుతుంది, షాట్ క్లాక్ చివర్లో ఎవరో ఒకరు దొరికిన షాట్ విసిరేస్తారు. స్టాండ్స్‌లోంచి చూస్తే కుర్రాళ్లకు ఆట రానట్టు కనిపిస్తుంది. నిజానికి వాళ్లకు ఇచ్చిన ఐదుగురి కూర్పే గెలవడానికి కట్టింది కాదు.

2023 సెప్టెంబర్‌లో తెచ్చిన ఆటగాళ్ల హాజరు నియమం దీన్ని పట్టుకోలేదు. అది వర్తించేది గత మూడు సీజన్లలో ఆల్-స్టార్‌గానో ఆల్-ఎన్‌బీఏ జట్టుకో ఎంపికైనవాళ్లకే. మార్కనెన్ 2023 ఆల్-స్టార్ కాబట్టి జాజ్ దొరికిపోయింది. అలాంటి పేరే లేని జట్టు తన మొదటి ఐదుగురినీ పక్కన పెట్టినా ఈ నియమం కింద నేరం కాదు. జట్టు ఎంత బలహీనమైతే నియమానికి అంత దూరం.

అందుకే టికెట్టు కొనేవాళ్లు పట్టికలో స్థానం చూసి ఆగిపోకూడదు. ముందు ఆ జట్టు తన మొదటి రౌండ్ పిక్ తన దగ్గరే ఉంచుకుందా, షరతు లేకుండా వేరే జట్టుకు ఇచ్చేసిందా చూడాలి. ఇచ్చేసిన జట్టుకు ఓడి లాభం లేదు, అది ఏప్రిల్‌లోనూ ఆడుతుంది. బ్రూక్లిన్ నెట్స్ దీనికి తిరుగులేని ఉదాహరణ. 2013లో కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్ కోసం పిక్‌లు బోస్టన్ సెల్టిక్స్‌కు రాసిచ్చాక, 2017లో 20 గెలుపులతో అట్టడుగున ఉన్నా మొదటి పిక్ పిక్-మార్పిడి హక్కు కింద సెల్టిక్స్ చేతికి పోయింది. అదే నెట్స్ 2024 జూన్‌లో హ్యూస్టన్ నుంచి తమ పిక్‌ల మీద హక్కు వెనక్కి తెచ్చుకోగానే మికాల్ బ్రిడ్జెస్‌ను నిక్స్‌కు పంపింది. ఆ డిసెంబర్‌లో డెనిస్ ష్రోడర్, డోరియన్ ఫినీ-స్మిత్‌లను కూడా వదిలించుకుంది. ఎరీనా మారలేదు, పిక్ ఎవరి చేతిలో ఉందన్నది మారింది.

పిక్ సంగతి తేలాక షెడ్యూల్ చూడాలి. వరుస రాత్రుల మ్యాచ్‌లలో రెండో రాత్రి, అందులోనూ జట్టు వేరే నగరం నుంచి విమానంలో దిగివస్తుంటే, పేరున్న ఆటగాడు ఆడతాడన్న నమ్మకం పెట్టుకోవద్దు. గాయాల నివేదిక మ్యాచ్‌కు ముందురోజు సాయంత్రం స్థానిక సమయం 5 గంటలకల్లా రావాలి. వరుస మ్యాచ్‌లలో రెండోదైతే అదే రోజు మధ్యాహ్నం 1 గంటకు. ఆడకపోతే డబ్బు వాపసు రాదు కాబట్టి, బలహీన జట్టు మ్యాచ్‌కు నెలల ముందే కొనడం అనవసరం. నివేదిక వచ్చాక పునర్విక్రయంలో చూడొచ్చు. అలాంటి మ్యాచ్‌ల ధర సమయం దగ్గరపడేకొద్దీ సాధారణంగా తగ్గుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో డబ్బుకు తగ్గ ఆట కాన్ఫరెన్సు పట్టికలో పై నుంచి 6 నుంచి 10 స్థానాల మధ్య ఉన్న జట్ల మధ్య దొరుకుతుంది. ఆరో స్థానం నేరుగా ప్లేఆఫ్స్‌కు, 7 నుంచి 10 ప్లే-ఇన్‌కు. ఆ ఒక్క మెట్టు కోసం ఎనిమిదో ఆటగాడు కూడా నేల మీద పడి బంతి అందుకుంటాడు. కూర్చునే చోటు సంగతి: ఇలాంటి మ్యాచ్‌కు పై వరసలైనా సరే, సగం కోర్టు గీతకు ఎదురుగా తీసుకోవాలి. బుట్ట వెనక సీటులోంచి అవతలి సగంలో డిఫెన్స్ ఎలా జరుగుతోందో తెలియదు.

డ్రాఫ్ట్ లేకపోతే చిన్న నగరాలు ఎప్పటికీ లేవలేవన్నది అవతలి వాదన. ఫ్రీ ఏజెంట్లు (కాంట్రాక్టు ముగిసి నచ్చిన జట్టుకు వెళ్లగలిగేవాళ్లు) లాస్ ఏంజెలెస్‌కు, మయామీకి వెళ్తారు, కొత్త కుర్రాడు ఒక్కడే చిన్న ఊరికి దక్కే ఆశ అంటారు. శాన్ ఆంటోనియో 1997లో 20 గెలుపుల సీజన్ తర్వాత టిమ్ డంకన్‌ను పొంది ఐదు టైటిళ్లు గెలిచిందని గుర్తు చేస్తారు. నిజమే. అయితే ఆ ఏడాది స్పర్స్ కూలడానికి డేవిడ్ రాబిన్సన్ గాయం పెద్ద కారణం. ఓటములు పోగేసి అత్యధిక అవకాశంతో లాటరీకి వెళ్లిన సెల్టిక్స్‌కు మూడో, ఆరో పిక్‌లే మిగిలాయి. కుర్రాళ్లు చిన్న నగరాలకు వెళ్లడానికి డ్రాఫ్ట్ కావాలి, ఒప్పుకుంటాను. ఆ డ్రాఫ్ట్‌లో వరస ఓటములతో తేలాలని మాత్రం ఎక్కడా లేదు.

ఓడలు బళ్లవడం, బళ్లు ఓడలవడం ఈ ఆటలో కొత్త కాదు. కానీ అవి ఎలా మారాయో చూడండి. పిస్టన్స్ 2023-24లో 28 మ్యాచ్‌లు వరుసగా ఓడి, 14 గెలుపులతో ముగించింది. మరుసటి సీజన్‌లో 44 గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. కేడ్ కనింగ్‌హామ్ 2021 మొదటి పిక్కే, అది దాచను. అతను ఉండగానే ఆ 28 ఓటములూ వచ్చాయి. మార్చింది కోచ్ జేబీ బికర్‌స్టాఫ్, టోబియాస్ హ్యారిస్, మలిక్ బీస్లీ లాంటి అనుభవజ్ఞులు. చుట్టూ షూటర్లు నిలబడగానే కనింగ్‌హామ్‌కు లోపలికి దారి తెరుచుకుంది. డెన్వర్‌కు 2023 టైటిల్ తెచ్చిన నికోలా యోకిచ్ 41వ పిక్. మిల్వాకీ యానిస్ 15వ పిక్. 2024 విజేత బోస్టన్ జేలెన్ బ్రౌన్‌ను, జేసన్ టేటమ్‌ను తెచ్చుకున్నది నెట్స్ ఇచ్చిన పిక్‌ల పుణ్యాన, సొంత ఓటములతో కాదు. 2025 విజేత ఓక్లహోమా సిటీకి షే గిల్జస్-అలెగ్జాండర్ ట్రేడ్‌లో వచ్చాడు. జేలెన్ విలియమ్స్ క్లిప్పర్స్ నుంచి వచ్చిన 12వ పిక్. చెట్ హోమ్‌గ్రెన్ ఒక్కడే సొంత ఓటములు తెచ్చిన రెండో పిక్. ఇక మూడు సీజన్లలో 19, 18, 10 గెలుపులతో ఓటమినే ప్రణాళికగా చేసుకున్న ఫిలడెల్ఫియా, ఆ తర్వాత 2025 వరకు రెండో రౌండ్ దాటలేదు.

మరి ఫలితం ఇంత సందేహమైతే యజమానులు ఎందుకు మానరు? ఓడినా వాళ్లకు నష్టం లేదు కాబట్టి. 2025-26తో మొదలైన 11 ఏళ్ల జాతీయ ప్రసార ఒప్పందం విలువ సుమారు 7,600 కోట్ల డాలర్లు. ఆ సొమ్ములో గెలిచిన జట్టుకూ ఓడిన జట్టుకూ ఒకటే వాటా. షార్లట్ హార్నెట్స్‌ను మైకేల్ జోర్డన్ 2010లో సుమారు 27.5 కోట్ల డాలర్లకు కొని, 2023లో అధిక వాటాను జట్టు మొత్తానికి 300 కోట్లు లెక్కగట్టి అమ్మాడు. అప్పటికి ఆ జట్టు 2016 తర్వాత ప్లేఆఫ్స్ ముఖమే చూడలేదు. ఏడేళ్ల ఓటములు ధరను పిసరంత కూడా దించలేదు.

స్పెయిన్ బాస్కెట్‌బాల్ లీగ్ ఏసీబీతో దీన్ని పోల్చి చూడాలి. 18 జట్లు, 34 రౌండ్లు, చివరి రెండు జట్లు కింది డివిజన్‌కు. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో 16వ స్థానానికీ 17వ స్థానానికీ మధ్య జరిగే మ్యాచ్‌కు ఎరీనా నిండుతుందంటే, ఓడితే పోయేది ఉంది గనుక. అమెరికన్ లీగ్‌లో యజమానికి పోయేది లేదు. పోయేదంతా నగరానిదే. సియాటిల్ 41 ఏళ్లు సూపర్‌సోనిక్స్‌ను పెంచింది. కొత్త ఎరీనాకు ప్రజాధనం రాలదని తేలాక, 2008లో 4.5 కోట్ల డాలర్లు కట్టి లీజు తెంచుకుని జట్టు ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది. ఏడాది ముందు రెండో పిక్‌గా వచ్చిన కెవిన్ డ్యూరంట్‌ను కూడా వెంట తీసుకెళ్లింది. అంటే ఓటముల ఫలం, ఆ ఓటములు కూర్చుని చూసిన ఊరికి మిగల్లేదు. అదే ఓక్లహోమా సిటీ ఓటర్లు 2023 డిసెంబర్‌లో కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త ఎరీనా కోసం ఆరేళ్లపాటు ఒక శాతం అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. జట్టు వాటా 5 కోట్లు.

ఇంత పెట్టే నగరం అడగాల్సింది అడగడం లేదు. లీగ్ తనంతట తాను మారదు. 2014 అక్టోబర్‌లో లాటరీ సంస్కరణకు 17 ఓట్లు వచ్చాయి, కావాల్సినవి 23. మంచి నమూనా లేక కాదు. ఉత్తర అమెరికా మహిళల హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్ఎల్‌లో ప్లేఆఫ్ ఆశ పోయాక జట్టు తెచ్చుకునే పాయింట్లతో డ్రాఫ్ట్ వరస తేలుతుంది. ముందే ఆశ వదిలిన బలహీన జట్టుకు ఎక్కువ మ్యాచ్‌లు మిగులుతాయి, కాని వాటిని గెలిచి తీరాలి. బాస్కెట్‌బాల్‌కు దీన్ని యథాతథంగా తెచ్చుకోవచ్చు. యజమానులు ఓటు వేసేదాకా నగరాల చేతిలో ఎరీనా లీజు ఉంది. ఆడగలిగిన ఆటగాణ్ని కూర్చోబెట్టినట్టు లీగ్ తేల్చిన ప్రతి మ్యాచ్‌కూ టికెట్టు డబ్బు పూర్తిగా వాపసు, ఆ రాత్రి పార్కింగ్, ఆహార అమ్మకాల్లో జట్టు వాటా నగర ఖజానాకు, జట్టు మరో ఊరికి తరలితే ప్రజాధనం వడ్డీతో సహా వెనక్కి. ఈ మూడు షరతులూ తర్వాతి లీజు ముసాయిదాలోనే రాయించాలి, ఓటర్ల ముందుకు పన్ను ప్రతిపాదన వెళ్లకముందే.