పట్నం చూడబోవుడు అవసరమా? ఒక సమగ్ర నివేదిక

హైదరాబాద్ చూడదగ్గ ఊరేనా అన్న ప్రశ్న నల్లగొండ, పాలమూరు దిక్కు ప్రతి ఎండకాలం సెలవులల్ల లేస్తది. పిల్లలు అడుగుతరు, పెద్దలు మాట మారుస్తరు, ఆఖరికి ఎవరో ఒకరు సంచి సదురుతరు. ఇంత బరువైన విషయం మీద ఇంతవరకు ఒక్క కమిటీ కూడ పడకపోవుడు విచారకరం. ఆ లోటు ఈ నివేదిక తీరుస్తది. టీఏ, డీఏ అడుగది.

ముందుగాల నీళ్ల సంగతి తేల్చాలె. మనకంటె ముందు, మనకంటె ఎక్కువసార్లు పట్నం చూసినయి మన నీళ్లే. పీఏ పల్లి మండలం అక్కంపల్లి రిజర్వాయర్ల కృష్ణ నీళ్లు నిలుస్తయి. కోదండాపురంల శుద్ధి అయితయి. నాసర్లపల్లి, గోడకొండ్ల కాడ పెద్ద మోటర్లు ఎత్తిపోస్తే ఎత్తు మీదున్న గున్‌గల్ చేరుకుంటయి. అక్కడినుంచి కరెంటుతోని పని లేదు, వాలు మీదనే పట్నం అంచుల సాహెబ్‌నగర్. ఈ నీళ్ల పథకం 2004ల ఒక దశ, 2008ల రెండోది, 2015ల మూడోది. ఒక్కో దశకు రోజుకు 9 కోట్ల గ్యాలన్లు. ఆ పైపులకు అటుఇటు చింతపల్లి, మర్రిగూడ దిక్కు జనం మాత్రం ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిండ్రు. పండ్లు గారలు పట్టినయి, నడుములు వంగినయి. మిషన్ భగీరథ నల్లాలు వచ్చెదాంక మంచినీళ్లకు పట్నం మీదున్న ప్రేమ మన మీద లేకుండె.

పట్నం చూసిన నీళ్లు తిరిగి వచ్చుడు కూడ పక్కా. వాడుకున్నయన్ని మోరీలకెల్లి మూసీల పడి, పిల్లాయిపల్లి, వలిగొండ మీదికెల్లి సోలిపేట ప్రాజెక్టు దాటి, వాడపల్లి కాడ మల్ల కృష్ణలనే కలుస్తయి. పోయినప్పుడు తేటగ పోయినయి, వచ్చేటప్పుడు నల్లగ, నురుగు కక్కుకుంట వస్తయి. పట్నంల పదేండ్లు ఉండి వచ్చినోళ్లను చూసినా గంతే కనిపిస్తది గనుక ఇందుల వింతేమి లేదు. కాబట్టి మా మొదటి సిఫారసు: ఖర్చు లేకుంట పట్నం చూడాలనుకునెటోళ్లు మూసీ కత్వల కాడ ఒక పూట నిలబడాలె. మహానగరం ఏ సబ్బు రుద్దుకున్నది, ఏ ఫ్యాక్టరీ రాత్రిపూట గేటు తెరిచింది, అంత కండ్లకు, ముక్కుకు తెలిసిపోతది.

అయినా హుస్సేన్‌సాగర్ల బుద్ధుని చూడొద్దా అంటరు. చూడాలె, మనోడే గదా! ఆ రాయి భువనగిరి పక్కన రాయగిరి గుట్టలది. 1990ల పడవ మీద తీసుకపోతుంటే సాగర్ల మునిగింది, మనుషుల ప్రాణాలు పోయినయి. 1992 డిసెంబర్ల గాని లేచి నిలబడలె. ఇప్పుడు లుంబినీ పార్కుల బోటు టికెట్ కొనుక్కొని పోయి, రాయగిరి రాయిని ముట్టుకొని రావాలె. రాయగిరిల మిగిలిన రాళ్లకు టికెట్ లేదు, లైను లేదు. సీతాఫలం కథ కూడ గంతే. పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మీదనే ఒక రకం ఉన్నది. అదే కాయ రోడ్డు పక్కన గంపల ఒక ధర, పట్నంల అద్దాల షాపుల ఇంకో ధర. ఇగ పాలమూరు లేబరు సంగతి చెప్పెడిది లేదు. దేశంల ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన చేతులే పట్నంల సెంట్రింగ్ కొట్టినయి, స్లాబు పోసినయి. ఆ అపార్ట్‌మెంట్‌కే చుట్టపుచూపుగ పోతే లిఫ్టు కాడ వాచ్‌మన్ "ఎవరింటికి?" అని రిజిస్టర్ల సంతకం పెట్టిస్తడు. ఆయన కూడ నారాయణపేట దిక్కాయనే. సంతకం చేసినంక ఊరి ముచ్చట్లు మొదలువెడితే పైకి పోయేసరికి చాయ్ చల్లారుతది.

నిజానికి మన దిక్కు నుంచి పట్నం చూసెటందుకు పోయేది తక్కువ, డాక్టర్లకు చూపించుకునెటందుకు పోయేది ఎక్కువ. చేతుల ఎక్స్‌రే కవరు లేకుంట పొద్దుగాల బస్సెక్కితే పక్క సీటాయన అనుమానంగ చూస్తడు. దీని మీద పిల్లలమర్రిని ఆదర్శంగ తీసుకోవాలె. ఏడు వందల ఏండ్ల చెట్టు, 2018ల చెదలు తింటుంటే పాలమూరులనే కొమ్మలకు మందు కలిపిన సెలైన్ సీసాలు వేలాడదీసి కాపాడిండ్రు. రెఫర్ చెయ్యలె, అంబులెన్స్ పెట్టలె.

ఇంత చెప్పినా పోతమనెటోళ్లకు విధానం ఇది. మొదలు వారం ఎంచుకోవాలె. సోమవారం జూ పార్క్ మూత. శుక్రవారం సాలార్‌జంగ్ మ్యూజియం మూత, చౌమహల్లా మూత. మంగళవారం ప్రయాణం వద్దని ఇంట్ల పెద్దమ్మ అడ్డం పడతది. గురువారం సాయిబాబా, శనివారం వెంకన్న, నీసు ముట్టరు గనుక బిర్యానీ దండుగ. ఆదివారం రాష్ట్రమంత అక్కడనే ఉంటది. మిగిలింది బుధవారం. ఆ రోజు ఆఫీసు లీవు ఇయ్యది.

లీవు దొరికిందనుకుందాం. ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ చూసే ఎక్కాలె. 2023 డిసెంబర్ నుంచి జిల్లా బస్సులల్ల జీరో టికెట్ వాటిలనే. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్ చేతుల ఉండాలె, ఫోన్ల ఫొటో చూపిస్తే కండక్టర్ తల అడ్డం ఊపుతడు. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కి "ఫ్రీ గదా" అని వాదిస్తే తర్వాతి స్టేజీల దిగాల్సి వస్తది. ఎక్స్‌ప్రెస్‌ల ఇంకో న్యాయం ఉన్నది: ఫ్రీ టికెటామె కిటికీ సీటు పడతది, పైసలు వెట్టినాయన రాడ్డు పడతడు.

నల్లగొండ బస్సుల వచ్చినోళ్లు ఎల్బీనగర్లనే దిగాలె. ఎంజీబీఎస్ పెద్ద బస్టాండు దాంక టికెట్ కొన్నం గదా అని కూసుంటే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట సిగ్నళ్లల్ల టికెట్ పైసలు వసూలయ్యేంతసేపు కూసోవాలె. ఎల్బీనగర్ మెట్రోకు మొదటి స్టేషన్, రైలు ఖాళీగ నిలబడి ఉంటది, సీటు దొరుకుతది. మియాపూర్ పోయే ఎర్ర లైనది. ఎంజీబీఎస్‌ల దిగితే సాలార్‌జంగ్, చార్మినార్ రెండూ నడక దూరమే. దిగినంక చాలమంది చేసే తప్పు ఒకటే: జనం ఎటు పోతే అటు పోవుడు. జనం పోయేది బస్టాండుకు. బోర్డు చదివి, మనకు కావాల్సిన రోడ్డు దిక్కు గేటు చూసుకొని బయటపడాలె. పాలమూరోళ్లకు ఈ తిప్పలు లేదు, వాళ్ల బస్సు ఆరాంఘర్ మీదికెల్లి వస్తది. జూ పార్క్ పోయెటోళ్లు అక్కడనే దిగి సిటీ బస్సు పట్టుకోవాలె.

చార్మినార్ 1591ల కట్టిండ్రు, 149 మెట్లు. మెట్లు ఇరుకు, ఎత్తు, మెలికలు తిరిగి ఉంటయి. మోకాళ్ల నొప్పులోళ్లు కింద నిలబడి ఎక్కినోళ్ల చెప్పులు కాపాడుడు ఉత్తమం. పైకి పోతే కనిపించేది నాలుగు దిక్కుల ట్రాఫిక్, దాన్ని కింద నుంచి ముందే చూసినం. లాడ్ బజార్ల గాజులు కొనేటప్పుడు లక్క మీద రాళ్లు గుచ్చినయా, ప్లాస్టిక్ మీద గమ్‌తోని అతికించినయా అని గోరుతోని గీకి చూడాలె. ధర సగం అడిగి నడవాలె. పది అడుగులల్ల వెనుకకు పిలిస్తే మనం ఎక్కువ చెప్పినట్టు. పిలువకుంటే సిగ్గుపడకుంట మనమే వెనుకకు పోవాలె.

సాలార్‌జంగ్‌ల అందరు చూసేది గడియారం. గంటకొకసారి ఒక చిన్న గడ్డపాయన బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతడు. పన్నెండు గంటలకు పోతే పన్నెండు దెబ్బలు, అదే టికెట్‌కు ఎక్కువ లాభం. పావుగంట ముందే కూసోవాలె, లేకుంటే ముందటోళ్ల ఫోన్లల్లనే చూడాలె. ఒంటిగంటకు పోయినోళ్లకు ఒక్క దెబ్బ.

గోల్కొండల లోపలికి పోయే దర్వాజ కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ల వినిపిస్తదని పేరు. నిజమే. గని దానికి ఇద్దరు మనుషులు కావాలె: ఒకరు కింద కొట్టాలె, ఒకరు 360 మెట్లెక్కి పైన వినాలె. ఆదివారంనాడు కిందనే ఐదువందల మంది చప్పట్లు కొడతరు, పైన వినెటోడు ఎవడూ ఉండడు. మన గ్రామసభలకు అలవాటుపడ్డోళ్లకు ఇది కొత్తేమి కాదు.

బిర్యానీ మాత్రం తినాలె, దీని మీద మాకు భేదాభిప్రాయం లేదు. పచ్చి మాంసం కింద, సగం ఉడికిన బియ్యం పైన పేర్చి, మూత చుట్టూ పిండి పూసి దమ్ చేస్తరు గనుక రుచంత అడుగునే ఉంటది. హండి కొత్తగ తెరిచే మధ్యాహ్నం ఒంటిగంట లోపల పోవాలె. నాలుగింటికి పోతే పొడి అన్నం, ఉల్లిగడ్డ ముక్క. సర్వర్‌తోని మర్యాదగ "అన్నా, కింది మసాలా జర ఎక్కువెయ్యి" అనాలె. సింగిల్ ఒక్కటి ఇద్దరికి సరిపోతది. ఇద్దరి కోసం రెండు చెప్పిస్తే ఒకటి పార్సిల్ అయి వనస్థలిపురం చుట్టాలింటికి పోతది. వాళ్లకు బిర్యానీ కంటె ఊరి జొన్నలు తెచ్చినవా లేదా అన్నదే ముఖ్యం.

ఇదంత మనం పడే తిప్పలు. పట్నపోళ్లు ఏం చేస్తరు? నాగార్జునసాగర్ల 26 గేట్లు ఎత్తిండ్రని టీవీల చూపించంగనే కార్లేసుకొని నూట యాభై కిలోమీటర్లు ఉరుకుతరు. రోజు ఇంట్ల నల్లా తిప్పితే వచ్చే నీళ్లనే గేట్ల కాడ చూసి, సెల్ఫీ దిగి, చేపలు తిని పోతరు. సంక్రాంతికి రెండు రోజుల ముందైతే ఇంకా సౌలత్. ఆ పూట పట్నమంత విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్‌గేట్ కాడ బంపర్‌కు బంపర్ ఆనించి నిలబడి ఉంటది. చౌటుప్పల్ల ఒక ప్లేటు మిర్చి బజ్జీ పట్టుకొని రోడ్డు పక్కన కూసుంటే పిల్లలకు మాదాపూర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట అన్నీ ఒక్కసారే చూపియ్యొచ్చు.