వెల్లుల్లి వాసన మంచి గుర్తు కాదు: టెల్లూరియం నానోపొడిపై తిరుగుతున్న సందేశానికి ఖండన

చెన్నైలో చదువుకుంటున్న తెలుగు పరిశోధక విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ప్రయోగశాలల్లో వాడే టెల్లూరియం నానోపొడి గురించి ఒక సందేశం బాగా తిరుగుతోంది. దాని సారం ఇది: టెల్లూరియం అనే మూలకం సెలీనియానికి తోబుట్టువు, కాబట్టి ఒంటికి మంచిది. నానో సైజులో ఇంకా సురక్షితం, ఆకురసంతో చేస్తే అసలు భయమే లేదు. సీసా మీద స్వచ్ఛత 99.99 శాతం అని ఉంటే చాలు, ఏళ్ల తరబడి పాడవదు. శ్రీపెరుంబుదూరు దగ్గర సోలార్ ఫ్యాక్టరీ ఉంది కనుక కొరత రాదు. ఇందులో నిలబడేవి రెండే: రెండు మూలకాలూ ఆవర్తన పట్టికలో ఒకే నిలువు వరుసలో ఉన్నాయి, ఆ ఫ్యాక్టరీ ఉంది.

తోబుట్టువు సంగతి ముందు. సెలీనియం మన ఎంజైముల్లో సెలీనోసిస్టీన్ అనే అమైనో ఆమ్లంగా పనిచేస్తుంది. టెల్లూరియానికి మనిషి ఒంట్లో అలాంటి పని ఏదీ తెలియదు. లోపలికి పోయినదాంట్లో కొంత డైమిథైల్ టెల్లూరైడ్ అనే తేలిగ్గా ఆవిరయ్యే పదార్థంగా మారి ఊపిరిలో, చెమటలో వెల్లుల్లి కంపు కొడుతుంది. ‘వాసన వస్తే విషం బయటికి పోతున్నట్టే’ అని సందేశానికి ఒక తోక కూడా తగిలించారు. ఆ వాసన చెప్పేది ఒక్కటే, సరుకు మీ ఒంట్లోకి చేరిందని. టెల్లూరియం కలిపిన మేత తిన్న పిల్ల ఎలుకల్లో స్క్వాలీన్ ఎపాక్సిడేస్ అనే ఎంజైము అడ్డుపడి, నరాల మీది మైలిన్ పొర ఊడి, వెనక కాళ్లు పట్టుతప్పాయి. కరిగే లవణాలైతే మరీ ఘోరం: 1946లో పొరపాటున సోడియం టెల్లూరైట్ అనే టెల్లూరియం లవణం ఎక్కించిన ముగ్గురు రోగుల్లో ఇద్దరు చనిపోయారు.

‘నానో కాబట్టి సురక్షితం’ అన్నది లెక్కకు నిలవదు. టెల్లూరియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 6.24 గ్రాములు. 44 మైక్రాన్ల గుండ్రటి రేణువులకు గ్రాముకు 0.02 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటే, 50 నానోమీటర్ల రేణువులకు దాదాపు 19 ఉంటుంది. ఆక్సిజన్‌తోనైనా, కణాలతోనైనా చర్య జరిగేది ఆ ఉపరితలం మీదే. గాలిలో టెల్లూరియానికి అమెరికా పనిచోటు భద్రతా సంస్థ ఓషా పెట్టిన పరిమితి ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము. 4×5×3 మీటర్ల గదిలో 6 మిల్లీగ్రాములు సమంగా తేలితే ఆ అంకెకు చేరినట్టే. గరిటె కొసన అంటుకునేది అంతకన్నా ఎక్కువ.

అందుకే పొడిగా కాకుండా ద్రవంలో కలిపినదే కొనడం మేలు. పొడే కావాలంటే గ్లవ్‌బాక్సులో, అంటే చేతితొడుగులు బిగించిన మూసిన పెట్టెలో తూచండి. గాలిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లో ఆ గాలి జోరుకు పొడి లేచిపోతుంది, త్రాసు అంకె నిలవదు. సర్జికల్ మాస్కు పనికిరాదు, ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 కావాలి. ఒలికితే చీపురు పట్టొద్దు, తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను వ్యర్థాల డబ్బాలో వేయండి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం పోయకండి: అది టెల్లూరియాన్ని ఆక్సీకరించి, నీళ్లలో కరిగే, ఇంకా విషపూరితమైన రూపంలోకి మారుస్తుంది. వ్యర్థాలు సింకులోకి కాదు, చెన్నై దగ్గరి గుమ్మిడిపూండిలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి.

ఆకురసం మాటకొస్తే, అక్కడా మొదలుపెట్టేది టెల్లూరైట్ లవణంతోనే. ఆకులోని పదార్థాలు దాన్నంతా క్షయకరించి టెల్లూరియంగా మార్చలేకపోతే మిగిలినది ద్రవంలోనే ఉంటుంది. ‘మా నానోకణాలు బ్యాక్టీరియాను చంపాయి’ అనే ఫలితాల్లో ఎంత వాటా ఆ మిగులుదో తేల్చకుండా రాసేవాళ్లను చూస్తే విసుగొస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో దించి, కనీసం మూడుసార్లు కడిగి, చివరి కడుగునీటిలో టెల్లూరియం ఎంతుందో, మూలకాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ఐసీపీ-ఎంఎస్‌తో చూడాలి. అదే కడుగునీటిని విడిగా బ్యాక్టీరియా కణాల మీద వేసి, పోలిక కోసం కంట్రోల్‌గా పెట్టాలి.

99.99 శాతం అనేది సాధారణంగా ఇతర లోహాల మలినాలను మాత్రమే చూసి వేసే లెక్క. ఆక్సిజన్, పైన పూసిన పాలిమర్ అందులోకి రావు. 50 నానోమీటర్ల గోళం మీద 2 నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడితే ఘనపరిమాణంలో 22 శాతం ఆక్సైడే! పొర పలచన, పైగా స్ఫటికం కాకపోతే, స్ఫటికాలను ఎక్స్‌రేలతో గుర్తించే ఎక్స్‌ఆర్‌డీకి చిక్కదు. ఉపరితలాన్ని ఎక్స్‌రేలతో పరీక్షించే ఎక్స్‌పీఎస్‌లో 573 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి శిఖరం ఆక్సీకరణం చెందని టెల్లూరియానిది, 576 దగ్గరిది ఆక్సైడ్‌ది. టెల్లూరియం పరమాణువులు మరమెలికల గొలుసులుగా పేరుకుంటాయి కనుక కణాలు తరచు కడ్డీల్లా పెరుగుతాయి. కాంతి చెదరడాన్ని బట్టి సైజు చెప్పే డీఎల్‌ఎస్ వాటినీ గోళాలుగానే లెక్కిస్తుంది, కాబట్టి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన టీఈఎం చిత్రం అడగండి. నీటిలోని సన్నని నానోతీగల నీలిరంగు వెలిసిపోతే సరుకు ఆక్సీకరణం చెందుతున్నట్టే. 25 గ్రాముల ఒక్క సీసా కన్నా, ఆర్గాన్ వాయువులో మూసిన గ్రాము గ్రాము వయల్స్ (చిన్న సీసాలు) నయం. ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్ గది వేడికి రాకముందే తెరిస్తే చెన్నై గాలికి లోపల చెమ్మ పట్టేస్తుంది.

ఇక సరఫరా. 2024 జనవరిలో ప్రారంభోత్సవం జరిగిన ఆ ఫస్ట్ సోలార్ కంపెనీ ఫ్యాక్టరీ టెల్లూరియాన్ని వాడే చోటే గానీ తీసే చోటు కాదు. అక్కడ అది కాడ్మియం టెల్లూరైడ్‌గా, కొద్ది మైక్రాన్ల పొరగా గాజుల మధ్య ఉంటుంది. దాన్ని చూపించి పొడి సురక్షితమనడమూ తప్పే. ప్రపంచంలో టెల్లూరియం తొంభై శాతానికి పైగా రాగి శుద్ధిలో యానోడ్ అడుగున చేరే బురద నుంచే వస్తుంది. టెల్లూరియం ధర పెరిగిందని ఎవరూ రాగి ఎక్కువ కరిగించరు. పైగా 2025 ఫిబ్రవరిలో చైనా టెల్లూరియం ఎగుమతులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. నిషేధం కాదు, కానీ రాక ఆలస్యం కావచ్చు. కొటేషన్ అడిగేటప్పుడు టెల్లూరియం ఎక్కడిది, ఎప్పుడు తయారైంది, ఆ బ్యాచ్ ఎక్స్‌పీఎస్ ఫలితం ఉందా అనేవి రాతపూర్వకంగా తీసుకోండి.