సవరణ: లోయరింగ్ స్ప్రింగ్స్ వేశాక అలైన్‌మెంట్ ఎప్పుడు?

నా స్విఫ్ట్‌కి లోయరింగ్ స్ప్రింగ్స్ (కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు) వేయించిన సంగతి పోయిన నెల రాస్తూ, ‘స్ప్రింగ్స్ కుదురుకునేదాకా, అంటే 1000 కిలోమీటర్లు తిరిగేదాకా అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) జోలికి వెళ్లొద్దు, డబ్బులు దండగ’ అన్నాను. అది తప్పు.

బిగించిన వెంటనే ఒకసారి చేయించాలి, కుదురుకున్నాక ఇంకోసారి చూపించాలి. స్ప్రింగ్స్ డబ్బాలో వచ్చిన కాగితంలోనే ఈ మాట ఉంది, నేనే చదవలేదు. అలైన్‌మెంట్ చేసే ఆయన కూడా అదే చెప్పారు.

కారు కిందికి దిగితే ముందు చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, అదే క్యాంబర్. దాంతోపాటు టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం కూడా మారిపోతుంది. టైరుని త్వరగా తినేసేది ముఖ్యంగా ఈ టోనే. 400 కిలోమీటర్లకే నా ముందు టైర్ల లోపలి అంచు మీద చెయ్యి పెట్టి అడ్డంగా రాస్తే, ఒకవైపుకి రాసినప్పుడు నున్నగా ఉంది, రెండోవైపుకి రాస్తే రంపం పళ్లలా గీరుకుంది. బయట నిలబడి చూస్తే టైరు కొత్తదే!

ఇంకొకటి. ‘క్యాంబర్ కూడా సరిచేయించుకోండి’ అని తేలిగ్గా రాసేశాను. స్విఫ్ట్‌లో మామూలుగా సర్దగలిగేది ముందు టో ఒక్కటే. క్యాంబర్ మార్చాలంటే స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) కింద విడిగా క్యాంబర్ బోల్టులు వేయించాలి. వెనక ఉన్నది టార్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం, అక్కడ తిప్పడానికి ఏమీ ఉండదు.

నా మాట విని ఆగినవాళ్లు ముందు టో చూపించుకోండి. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలు మార్చాను.